దూరదేశపు నిషేధం – గట్టు మీది రైతుకు శిక్ష

మొగల్తూరు, పేరుపాలెం, ముత్యాలపల్లి ప్రాంతాలలో రొయ్యల రైతు పొద్దున్నే అడిగే ప్రశ్న ఒక్కటే: ఇవాళ వంద కౌంటు ధర ఎంత? కిలోకు వంద తూగే రొయ్యకు ఆ ధర. అది మొగల్తూరులో నిర్ణయం కాదు, భీమవరంలోనూ కాదు. వాషింగ్టన్, బ్రస్సెల్స్, టోక్యో, బీజింగు నగరాల్లో జరిగే కొనుగోళ్ళను బట్టి, అక్కడి ప్రభుత్వాల ఉత్తర్వులను బట్టి అది పైకి లేస్తుంది, కింద పడుతుంది. ఫలానా దేశపు సరుకును తమ రేవుల్లో దిగనివ్వమని అక్కడ ఒక అధికారి సంతకం చేస్తే, ఆ సిరా ఆరకముందే ఇక్కడ చెరువు గట్టు మీద బేరం ఆగిపోతున్నది.

ఏ దేశమైనా తన ప్రజలు తినే ఆహారాన్ని పరీక్షించి తీసుకోవడం న్యాయమే. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం కూడా ఈ హక్కును అంగీకరించింది. దానితోపాటు రెండు షరతులు పెట్టింది. ఆంక్షకు శాస్త్రీయమైన ఆధారం ఉండాలి. ఒక దేశానికి ఒక నీతి, మరొక దేశానికి మరొక నీతి ఉండరాదు. కాగితం మీద ఇది బాగానే ఉన్నది. ఆచరణలో మాత్రం తప్పు ఒకచోట జరుగుతున్నది, శిక్ష మరొకచోట పడుతున్నది. ఆ శిక్షలో పెద్ద భాగం ఎకరం, రెండెకరాల చెరువు కౌలుకు తీసుకున్న చిన్న రైతు మీద పడుతున్నది. ఈ సంగతి గ్రామాలలో అందరూ అర్థం చేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

నష్టం దిగివచ్చే దారి

విదేశీ నిషేధం వెలువడినప్పుడు ముందుగా దెబ్బ తినేది సముద్రం మీద ఉన్న సరుకు. ఆ కంటెయినర్లు వెనక్కి రావాలి, లేదా మరో దేశానికి తక్కువ ధరకు పోవాలి, లేదా ధ్వంసం కావాలి. ఆ తరువాత ఇక్కడి శీతల గిడ్డంగులు నిండుతాయి. అమ్ముడుపోని సరుకు మీద ఎగుమతిదారుకు బ్యాంకు వడ్డీ, కరెంటు ఖర్చు పెరుగుతాయి. రేపు ఏమవుతుందో తెలియదు కనుక అతడు కొత్త సరుకు ధరను తనకు వచ్చే నష్టానికంటె మరికొంత ఎక్కువగానే తగ్గించి అడుగుతాడు. కమీషను ఏజెంటు తన వంతు తాను తీసుకుంటాడు. చివరకు మిగిలేది రైతు.

ధాన్యం రైతు ధర లేకపోతే బస్తాలు ఇంట్లో వేసి నాలుగు వారాలు ఆగగలడు. రొయ్యల రైతుకు ఆ వెసులుబాటు లేదు. చెరువులో రొయ్య రోజూ మేత తింటుంది. ఏరియేటర్లు తిరగకపోతే తెల్లవారేసరికి ప్రాణవాయువు చాలక తేలిపోతుంది. ఆలస్యమైనకొద్దీ తెల్లమచ్చ తెగులు భయం. అందుచేత వార్త వినగానే ఒకరిని చూసి మరొకరు పట్టుబడికి దిగుతారు. యాభై కౌంటుకు పెరగవలసిన రొయ్యను వంద కౌంటులోనే తీసేస్తారు. అందరి సరుకు ఒకేసారి మార్కెట్టుకు వస్తుంది. నిషేధం వల్ల పడిన ధరను ఈ తొందర మరో మెట్టు దింపుతుంది.

మేతను అప్పు మీద తెచ్చుకున్న రైతు పరిస్థితి ఇంకా శోచనీయం. అప్పిచ్చినవానికే, అతడు చెప్పిన ధరకే సరుకు తూచవలసి వస్తున్నది. కౌలు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. అటు ప్రాసెసింగ్ ప్లాంటుల్లో తలలు తీసి, పెంకు ఒలిచే మహిళలకు సరుకు రాని రోజు కూలి ఉండదు. వారి పేర్లు ఏ నష్టాల జాబితాలోనూ కనిపించవు.

1997 నేర్పిన పాఠం

ఈ నష్టం ఎంత ఉంటుందో ఊహించుకోనక్కరలేదు. 1997 జూలై చివరలో, ప్లాంటుల్లో పరిశుభ్రత చాలదన్న కారణంతో ఐరోపా సమాజం బంగ్లాదేశ్ రొయ్యలను నిషేధించింది. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఐదు నెలల్లో ఐరోపాలో ఆ దేశం పోగొట్టుకున్న అమ్మకాల విలువ దాదాపు 6.5 కోట్ల డాలర్లని నిపుణులు తరువాత లెక్క కట్టారు. అయితే కొంత సరుకును అమెరికాకు, జపానుకు మళ్ళించగలిగారు. అందువల్ల నికర నష్టం సుమారు 1.5 కోట్ల డాలర్లకు తగ్గింది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే అసలు పాఠం ఉన్నది. ఒక తలుపు మూసుకున్నప్పుడు మరో తలుపు తీసి ఉన్నవాడు దెబ్బ తిన్నా నిలబడగలడు. ఒక్క తలుపునే నమ్ముకున్నవాడు లేవలేడు.

అదే 1997 ఆగస్టులో భారతదేశపు సముద్ర ఉత్పత్తులకు కూడా ఐరోపా తలుపులు మూసింది. ఆ ఏడాది చివరకు తాను తనిఖీ చేసి ఆమోదించిన ప్లాంటుల సరుకును మాత్రమే తిరిగి అనుమతించింది. ఆ ఆమోదం కోసం ప్లాంటుల యజమానులు కొత్త యంత్రాలు, మంచినీటి ఏర్పాట్లు, ప్రయోగశాలలు సమకూర్చుకోవలసి వచ్చింది. దానివల్ల పరిశుభ్రత పెరిగింది, ఆ మేరకు మేలే జరిగింది. కాని ఇటువంటి ఖర్చు పెద్ద ప్లాంటుకు తేలిక, చిన్నదానికి మోయలేని బరువు. కొనేవారి సంఖ్య తగ్గితే రైతుకు బేరమాడే బలం కూడా తగ్గుతుంది. నిషేధం ఎత్తివేసిన తరువాత కూడా మిగిలే నష్టాలలో ఇది ఒకటి. రెండవది, ఈలోగా మన స్థానంలోకి మరో దేశం వచ్చి కూర్చుంటుంది. ఈక్వడార్, వియత్నాం, ఇండొనేషియా వంటి దేశాలు అటువంటి అవకాశం కోసమే ఎదురుచూస్తుంటాయి.

తాబేలు తగాదా

చెరువులతో నిమిత్తం లేని నిషేధం మరొకటి ఉన్నది. సముద్రంలో మరపడవలు లాగే వలల్లో తాబేళ్ళు చిక్కి చనిపోతున్నాయన్న కారణంతో అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. తాబేలు తప్పించుకుపోయే పరికరాన్ని వలకు అమర్చని దేశాల సముద్రపు రొయ్యను కొనరాదన్నది. 1996 మే నుంచి ఆ నియమాన్ని అన్ని దేశాలకూ వర్తింపజేసింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరు 12న అక్కడి అప్పీలు మండలి తీర్పు చెప్పింది. తాబేళ్ళను కాపాడాలన్న ఉద్దేశం సమంజసమే గాని, దానిని అమలు జరిపిన తీరు వివక్షతో కూడినదని తేల్చింది. కరీబియన్ ప్రాంతపు దేశాలకు మూడేళ్ళ గడువు ఇచ్చిన అమెరికా, ఆసియా దేశాలకు నాలుగు నెలలు మాత్రమే ఇవ్వడం ఆ మండలి తప్పుపట్టిన వాటిలో ఒకటి.

తీర్పులో గెలుపు దక్కినా సమస్య తీరలేదు. 2019లో అమెరికా భారతదేశపు సముద్రపు రొయ్యలను మళ్ళీ నిలిపివేసింది. చెరువు రొయ్యకు ఈ నిబంధన వర్తించదు కనుక రైతులు దీనిని పట్టించుకోలేదు. కాని నరసాపురం తీరంలో సముద్రాన్ని నమ్ముకున్న మత్స్యకారుడు కూడా ఈ మండలాల వాడే. అతని వలకు ఆ పరికరం అమర్చడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ప్రభుత్వం సమాధానం చెప్పవలసి ఉన్నది. ఏటా తీరానికి వచ్చి గుడ్లు పెట్టే తాబేలు బతకవలసిందే. దానిని బతికించే బాధ్యత మొత్తాన్ని ఒక్క పడవవాని నెత్తిన వేయడం న్యాయం కాదు.

పేరుకు నిషేధం కాకపోయినా

కొన్ని ఆంక్షలు నిషేధమన్న పేరు లేకుండానే ఆ పని చేస్తాయి. 2012 ఆగస్టులో జపాన్ మన రొయ్యల్లో ఇథాక్సీక్విన్ అనే రసాయనం కోసం ప్రతి సరుకునూ పరీక్షించడం మొదలుపెట్టింది. పది కోట్ల వంతుల్లో ఒక వంతుకు మించితే సరుకు వెనక్కి పంపింది. ఈ రసాయనాన్ని రైతు చెరువులో కలిపింది లేదు. మేతలో వాడే ఎండుచేపల పొడి పాడైపోకుండా తయారీలోనే దానిని కలుపుతారు. రైతు కొన్నది మేత సంచి. దానిలో ఏమున్నదో అతనికి చెప్పినవారు లేరు. చివరకు 2014లో జపాన్ ఆ పరిమితిని 20 రెట్లు సడలించింది. మొదట పెట్టిన హద్దు ఎంత బిగువైనదో ఈ సడలింపే చెబుతున్నది. ఈ మధ్యలో గడిచిన కాలానికి నష్టపరిహారం ఎవరికీ అందలేదు.

2016లో ఐరోపా సంఘం భారతదేశపు చెరువు రొయ్యల సరుకులో పరీక్షకు తీసే భాగాన్ని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రేవులో సరుకు రోజులకొద్దీ ఆగితే అద్దె పెరుగుతుంది, కొనేవాడు విసిగిపోతాడు. ఇక 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతదేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఏ రొయ్యలోనూ ఏ తప్పూ లేదు. రష్యా నుంచి మన దేశం నూనె కొంటున్నదన్నది దానికి వారు చెప్పిన కారణాలలో ఒకటి. ఎక్కడి నూనె, ఎక్కడి మొగల్తూరు చెరువు? అయినా ధర పడింది ఇక్కడి గట్టు మీదనే.

2024–25లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7,41,529 టన్నులు. విలువ రూ. 43,334 కోట్లు. అందులో 3,11,948 టన్నులు అమెరికాకే పోయాయి. చైనాకు పోయిన 1,36,164 టన్నులు కూడా కలిపితే, పది కిలోలలో ఆరు కిలోలు రెండే రెండు దేశాల దయ మీద ఆధారపడి ఉన్నాయి. దేశంలో చెరువు రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే కనుక ఈ ప్రమాదం అన్నిటికంటె ఎక్కువగా గోదావరి, కృష్ణా డెల్టాల ముంగిట్లో ఉన్నది.

మనం చేసిన పని

ఇంతటితో ఆగితే అది ఏకపక్ష వాదన అవుతుంది. పరాయి దేశపు రైతుకు ఇదే దెబ్బ మన దేశం కూడా కొట్టింది. బర్మా రైతులు కంది, మినుము, పెసర పండించేది ప్రధానంగా మన మార్కెట్టు కోసం. ఇడ్లీకి, గారెకు ఇక్కడ రుబ్బే మినప్పప్పులో బర్మా సరుకు కూడా ఉంటుంది. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం, దేశంలో పప్పుల ధరలు పడిపోయాయన్న కారణంతో, ఏడాదికి కంది 2 లక్షల టన్నులు, మినుము పెసర కలిపి 3 లక్షల టన్నులు మించి దిగుమతి చేసుకోరాదని ఉత్తర్వు చేసింది. మన పప్పు రైతును ఆదుకోవాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ ఉత్తర్వు నాటికే సముద్రం దాటవలసిన పంట బర్మా గ్రామాల్లో ఇళ్ళలో ఉన్నది. అక్కడ ధరలు కుప్పకూలాయి.

నాలుగేళ్ళ తరువాత, 2021లో, ఏటా మినుము 2.5 లక్షల టన్నులు, కంది లక్ష టన్నులు ఐదేళ్ళపాటు కొంటామని మన దేశం బర్మాతో ఒప్పందం చేసుకున్నది. ఈ మాట ముందే ఇచ్చి ఉంటే రెండు దేశాల రైతులకూ మేలు జరిగేది. ఒకప్పుడు కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయిన కుటుంబాలు ఈ జిల్లాలకు కొత్త కాదు. ఆ గడ్డ మీది రైతు గోడు అర్థం చేసుకోవడం ఇక్కడివారికి కష్టం కాకూడదు.

నిషేధించిన దేశానికి కూడా నష్టం తప్పదు. 2023 ఆగస్టులో ఫుకుషిమా అణుకేంద్రపు నీటిని శుద్ధి చేసి సముద్రంలోకి వదిలినందుకు చైనా జపాన్ చేపలను, గుల్లలను నిషేధించింది. హొక్కైడో ద్వీపంలో గుల్లలు గుట్టలు పడ్డాయి. అయితే ఆ గుల్లల్లో చాలా భాగాన్ని ఒలిచి ఇతర దేశాలకు పంపే పని జరిగేది చైనా కర్మాగారాల్లోనే. వాటికి ముడిసరుకు ఆగిపోయింది. జపాన్ ఆ పని కోసం వియత్నాం, మెక్సికో వైపు చూసింది. ఒకసారి చెదిరిన వ్యాపారం ఎత్తివేత ఉత్తర్వు రాగానే పాత దారికి రాదు.

మొగల్తూరు చూపిన దారి

విదేశీ ప్రభుత్వాల నిర్ణయాలను ఇక్కడి రైతు ఆపలేడు. కాని తన వైపు నుంచి సాకు ఇవ్వకుండా ఉండడం అతని చేతిలో ఉన్నది. నిషేధానికి తరచుగా చెప్పే కారణం యాంటీబయోటిక్ మందుల అవశేషాలు. 2002 జనవరిలో ఐరోపా సమాజం ఈ కారణంతోనే చైనా రొయ్యలను నిలిపివేసింది. తెగులు భయంతో ఒక్క రైతు నిషేధిత మందు చల్లితే, ఆ చెరువు సరుకు వంద చెరువుల సరుకుతో కలిసి ఒకే పెట్టెలో చేరుతుంది. పరీక్షలో దొరికితే మచ్చ పడేది దేశం మొత్తానికి. నలుగురు నిజాయితీగా పెంచిన సరుకు ఒకని తప్పుకు బలి అవుతున్నది.

దీనికి విరుగుడు ఎక్కడో వెదకనక్కరలేదు. అది ఈ గ్రామంలోనే మొదలైంది. టైగర్ రొయ్య తెల్లమచ్చ తెగులుతో చనిపోతున్న రోజుల్లో, 2002లో, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థ నాకాతో కలిసి మొగల్తూరులో ఐదుగురు రైతులకు చెందిన 10 చెరువులలో ఒక ప్రయోగం చేసింది. అడుగు నల్లమట్టి తీసివేయడం, పరీక్షించిన సీడ్ తేవడం, ఒకే కాలువ మీద ఉన్నవారందరూ ఒకేసారి సీడ్ వదలడం, తెగులు వస్తే నీరు కాలువలోకి తీయకుండా పొరుగువారికి చెప్పడం, నిషేధిత మందులు ముట్టకపోవడం, చెరువు లెక్క పుస్తకంలో రాయడం – ఇవే అందులోని నియమాలు. తెగులు తగ్గింది, దిగుబడి పెరిగింది. మరుసటి సంవత్సరం అదే మొగల్తూరులో 58 మంది రైతులు, 108 చెరువులు చేరాయి. 2005 నాటికి ఐదు రాష్ట్రాలలో 736 మంది రైతులకు ఆ పద్ధతి పాకింది. దాని ఫలితంగానే చిన్న రైతుల సంఘాలను కూడగట్టడానికి 2007లో నాక్సా అనే సంస్థ ఏర్పడింది.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత వ్యవసాయం విస్తరించింది. చెరువులు పెరిగాయి, పెట్టుబడి పెరిగింది, తొందర పెరిగింది. కాలువ వారీగా కలిసి కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఈ గ్రామంలో పుట్టిన పద్ధతిని ఈ గ్రామమే తిరిగి గట్టిగా పట్టుకోవాలి. లెక్క పుస్తకం ఉన్న సంఘం సరుకు ఏ చెరువుదో చెప్పగలదు. అటువంటి సరుకు మీద నింద పడితే నిరూపించుకునే ఆధారం ఉంటుంది. విడివిడిగా ఉన్న రైతుకు అది సాధ్యం కాదు.

ప్రభుత్వం చేయవలసినవి

రైతులు తమ వంతు చేసినా ప్రభుత్వ బాధ్యత తీరదు. 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. ఆ అధికారాన్ని రైతుకు పనికివచ్చేలా వాడాలి. మేత, మందుల సంచులపై లోపలున్న ప్రతి పదార్థం తెలుగులో రాసి ఉండేలా చూడాలి. రాయని సరుకు అమ్మిన దుకాణం మీద చర్య ఉండాలి. పట్టుబడికి ముందు చేసే ఎలిసా పరీక్ష ఫలితం చిన్న రైతుకు కూడా సకాలంలో, తక్కువ ఖర్చుతో అందాలి. విదేశంలో ఆంక్ష వెలువడిన రోజే దాని వివరం తెలుగులో గ్రామ సచివాలయంలో కనిపించాలి. ఏ దేశం ఆపింది, ఏ సరుకును ఆపింది, ఎంతకాలం అన్నది తెలియక పుకారుతో జరిగే తొందర పట్టుబడుల వల్లనే సగం నష్టం జరుగుతున్నది. అటువంటి సమయంలో మేత అప్పుల వసూలుకు గడువు, కౌలుదారుకు బ్యాంకు రుణం, పని పోయిన ప్లాంటు కార్మికులకు భృతి కల్పించే నిధి ఒకటి ముందుగానే ఏర్పాటు కావాలి. ఎగుమతులు బాగున్న ఏడాది టన్నుకు కొద్దిపాటి మొత్తం పక్కన పెట్టినా ఆ నిధి సమకూరుతుంది.

మరో తలుపులు తెరవడం కేంద్రం పని. 2025 సెప్టెంబరులో ఐరోపా సంఘం మన దేశంలో మరో 102 ప్లాంటులకు అనుమతి ఇవ్వడం మంచి పరిణామం. అన్నిటికంటె దగ్గరి తలుపు స్వదేశంలోనే ఉన్నది. ఇంత రొయ్య పండించే దేశంలో హైదరాబాదు, నాగపూరు, ఢిల్లీ బజార్లలో మంచి రొయ్య సరసమైన ధరకు దొరకడం కష్టంగా ఉన్నది. మొగల్తూరులోనే చాలా ఇళ్ళలో రొయ్య ఆదివారం నాడు గాని ఉడకదు. దేశంలోనే గిరాకీ ఉంటే పరదేశపు సంతకానికి ఇంత భయపడవలసిన పని ఉండదు.

ఉప్పుటేరు పొడుగునా మరో పంటకు చెరువులు ఎండబెట్టే ముందే, ఒక్కొక్క కాలువ మీది రైతులు ఒకచోట చేరి లెక్క పుస్తకం తెరవాలి. మత్స్యశాఖ అధికారులు ఆ సమావేశాలకు వచ్చి కూర్చోవాలి. 2002లో అందుకు ఐదుగురు రైతులు చాలారు.